డెబ్బై దాటితే ఇంట్లో ఉంచాలట!

హనుమకొండ, కాజీపేట మిత్రులు పోటీపడి పంపుతున్న ఒక వాట్సాప్ సందేశం నాలుగు మాటలు చెబుతున్నది: 70 దాటిన స్త్రీ రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్‌కు మత్తు ఇస్తే లేవదు కనుక ఇంట్లోనే ఉంచాలి, మత్తు వల్ల క్యాన్సర్ పాకుతుంది, తప్పదంటే లోకల్ సూదితో (ఆ చోటును మాత్రమే తిమ్మిరెక్కించే మందుతో) ఎంత గడ్డనైనా పది నిమిషాల్లో తీయించవచ్చు, తరువాత ఆరు నెలలు పెరుగు ముట్టరాదు.

పెరుగన్నం తిననివ్వండి.

ప్రాణం తీసేది మొదటి మాట. మత్తు డాక్టరు చూసేది ఆధార్ కార్డులోని పుట్టిన తేదీని కాదు (మన పల్లెల్లో పెద్దవాళ్ళకు అది చాలావరకు ఉజ్జాయింపే). గుండె, ఊపిరితిత్తులు, కిడ్నీలు ఎట్లా ఉన్నాయో, ఆమె ఆయాసపడకుండా మెట్లెక్కగలదో లేదో చూస్తారు. పరకాల వైపు పత్తి చేన్లలో 70 దాటినా కూలికి పోతున్న అమ్మమ్మలను ఈ సందేశకర్త చూసినట్టు లేదు. పైగా ఈ ఆపరేషన్‌లో కడుపు గానీ ఛాతీ గూడు గానీ తెరవరు కనుక శరీరంపై భారం తక్కువ. గుండె నిజంగానే బలహీనమైతే చిన్న గడ్డను లోకల్‌తోనే తీయవచ్చు. రొమ్మంతా తీయవలసి వస్తే వెన్నెముక పక్క నరాలకు బ్లాకు (ఆ నరాలను తిమ్మిరెక్కించే సూది) ఇవ్వవచ్చు. హార్మోన్‌కు స్పందించే గడ్డ అయితే టామోక్సిఫెన్, లెట్రోజోల్ వంటి మాత్రలతో కొంతకాలం అదుపు చేయవచ్చు. ఇవేవీ చేయక ఇంట్లో ఉంచితే, గడ్డ చర్మాన్ని చీల్చుకొని పుండై, నెత్తురు, చీము, దుర్వాసనతో మనిషిని మంచానికి కట్టేస్తుంది. ఆ కట్టు రోజూ మార్చేది మెసేజీ రాసిన మహానుభావుడు కాదు, ఇంటి కోడలు.

పది నిమిషాల్లో తీసేయడానికి అది పులిపిరి కాదు. లోకల్ సూదిలో ఉండే లిగ్నోకెయిన్ అనే మందును అడ్రినలిన్ కలిపి ఇచ్చినా కిలో బరువుకు సుమారు 7 మిల్లీగ్రాములు దాటనివ్వరు. అంటే 45 కిలోల మనిషికి ఒక శాతం మందు 30 మిల్లీలీటర్లకు కాస్త ఎక్కువ, అంతే. దానితో ఎంత గడ్డనైనా తీయడం కుదరదు. మోతాదు మించితే ఫిట్స్ రావచ్చు, గుండె లయ తప్పవచ్చు. కనుక లోకల్ ఇచ్చినా మానిటర్, మత్తు డాక్టరు పక్కన ఉండవలసిందే.

ఇక మత్తుతో పాకుతుందన్న మాట. 2019లో లాన్సెట్ పత్రికలో వచ్చిన అధ్యయనంలో 8 దేశాలకు చెందిన 2,100 మందికి పైగా స్త్రీలలో కొందరికి పూర్తి మత్తు, కొందరికి నరాల బ్లాకు ఇచ్చి పోల్చారు. రెండు వైపులా వ్యాధి తిరగబెట్టింది 10 శాతం మందికే. అయితే లోకల్ మందుకు ఒక గొప్ప ఉన్నదని ఒప్పుకోవాలి. ముంబయి టాటా మెమోరియల్ వైద్యుల ఆధ్వర్యంలో సుమారు 1,600 మందిపై జరిగి, 2023లో వెలువడిన పరీక్షలో, కోతకు కొద్ది నిమిషాల ముందు గడ్డ చుట్టూ లిగ్నోకెయిన్ ఎక్కించిన వారిలో అయిదేళ్ళ తరువాత బతికున్నవారు 90.1 శాతం, ఎక్కించని వారిలో 86.4 శాతం. కానీ అక్కడ ఆ సూదిని మత్తుకు బదులుగా కాదు, మత్తుకు తోడుగానే వేశారు.