‘ఏ స్కూలైనా ఒకటే’ అన్న హెలికాప్టర్ మెసేజ్‌కు నా జవాబు

పోయిన ఆదివారం నయీంనగర్‌లో మా అక్క ఇంటికి భోజనానికి పోతే, కంచం ముందు కూర్చోకముందే అల్లుడు ఫోన్ తెచ్చి నా ముఖం ముందు పెట్టాడు. "మామా, గిది నిజమేనా సూడు. నిజమైతే అమ్మను ఒప్పియ్యాలె నువ్వే."

ఆ మెసేజ్ నాకు కొత్తది కాదు. మా పాత ఎయిర్‌ఫోర్స్ గ్రూపులో వచ్చింది, అపార్ట్‌మెంట్ గ్రూపులో వచ్చింది, బియ్యం మిల్లు నడిపే బావమరిది కూడా పంపాడు. దాని సారం ఇది: ‘మేడారంలో హెలికాప్టర్ చూసి ఈలలు వేసే రోజులు పోయాయి. ఇంటర్ ఉంటే చాలు, ఆరు నెలల్లో నువ్వే పైలట్. లైసెన్స్ ఇచ్చేది ప్రభుత్వమే కాబట్టి ఏ స్కూలైనా ఒకటే, చౌకది చూసుకో. ఫీజు 18 లక్షలు, ఒకేసారి కడితే 20 శాతం తగ్గింపు. అమెరికా లైసెన్స్ తెచ్చుకుంటే ఇక్కడ స్టాంపు పడుడే. వరంగల్ దగ్గర మామునూరు ఎయిర్‌పోర్టు వస్తోంది, నెలకు 5 లక్షల జీతం గ్యారంటీ.’

ముందే చెప్తున్నా, నేను పైలట్‌ని కాను. ఎయిర్‌ఫోర్స్‌లో ఇరవై ఏండ్లు చేతక్ హెలికాప్టర్లకు మరమ్మతు చేసినవాణ్ణి. అందులో ఎక్కువ కాలం హకీంపేటలో, అంటే వాయుసేన తన హెలికాప్టర్ పైలట్లను తయారుచేసే చోట. కొత్త పిల్లలు దాన్ని ఎట్లా దించుతారో, దించినాక చక్రాల స్ట్రట్‌ల దగ్గర పడుకుని మేం ఏం వెతుక్కుంటామో నాకు తెలుసు. ఆ అనుభవంతోనే ఈ మెసేజ్‌లోని ఒక్కో మాటకు జవాబు రాస్తున్నా.

‘ఇంటర్ ఉంటే చాలు.’ చాలదు. ఇంటర్‌లో ఫిజిక్స్, మ్యాథ్స్ ఉండాలన్నది డీజీసీఏ, అంటే పౌర విమానయానాన్ని చూసే కేంద్ర సంస్థ, పెట్టుకున్న నియమం. బైపీసీ, సీఈసీ చదివినవాళ్ళు ఓపెన్ స్కూల్‌లో ఆ రెండు పేపర్లు రాసి వస్తున్నారు. వయసు 18 నిండాలి. ఇవన్నీ కాగితాలు, కుదురుతాయి. కుదరనిది ఒంటి సంగతి. కమర్షియల్ లైసెన్స్‌కు క్లాస్ 1 మెడికల్ కావాలి, దానికంటే ముందు క్లాస్ 2. కరీంనగర్ దిక్కు ఒక మిత్రుడి కొడుకు మూడు లక్షల అడ్వాన్స్ కట్టినాక మెడికల్‌కు పోయాడు. రంగురంగుల చుక్కల మధ్య దాగిన అంకె చదవమంటే వాడికి అక్కడ అంకే కనిపించలేదు. ఎరుపు ఆకుపచ్చల తేడా సరిగా తెలియదన్న సంగతి ఇరవై ఏండ్లదాకా ఇంట్లో ఎవరికీ తెలియదు. అడ్వాన్స్ వాపసు రాలేదు. డీజీసీఏ గుర్తించిన డాక్టర్ దగ్గర ముందు మెడికల్ చేయించుకుంటే పోయేది ఆ పరీక్ష ఫీజు మాత్రమే.

బరువు కూడా చూసుకోవాలి. ప్రపంచంలో ఎక్కువమంది నేర్చుకునేది రాబిన్సన్ ఆర్22 మీద. రెండే సీట్లు, ఒక్కో సీటుకు పరిమితి 109 కిలోలు. పరిమితిలోపే ఉన్నా, ఇద్దరూ భారీగా ఉంటే ఇంధనం తగ్గించి పోసుకోవాలి. పెండ్లి భోజనాలు గట్టిగా తినేవాళ్ళను స్కూలువాళ్ళు అదే కంపెనీ పెద్ద మిషన్ ఆర్44 మీదికి పంపుతారు, గంట రేటు ఒక్కసారిగా ఎగురుతుంది. ఈ ముక్క ఏ ప్రకటనలోనూ ఉండదు.

‘ఆరు నెలల్లో పైలట్.’ కమర్షియల్ హెలికాప్టర్ లైసెన్స్‌కు 150 గంటలు ఎగరాలి. 26 వారాలకు పంచితే వారానికి ఆరు గంటలు. వాన లేదు, పొగమంచు లేదు, ఇంజన్ ఒక్కరోజు మొరాయించదు, నావిగేషన్, వాతావరణం, రెగ్యులేషన్స్ పేపర్లన్నీ మొదటిసారే పాస్. రాసినవాడికి శ్రావణం, భాద్రపదం అని నెలలుంటాయని తెలియదేమో.

ఇక అసలు విషయం. ‘లైసెన్స్ ఇచ్చేది ప్రభుత్వమే కాబట్టి ఏ స్కూలైనా ఒకటే.’ మొదటి సగం నిజం, అందుకే రెండో సగం నమ్మబుద్ధేస్తుంది. లైసెన్స్ కాగితం అందరిదీ ఒకటే. కానీ ఆ 150 గంటలు ఎవరి పక్కన కూర్చుని, ఏ మిషన్‌లో, ఎంత ఎడం మీద ఎగిరావన్నది మాత్రం స్కూలుదే.

లెక్క వేద్దాం. 18 లక్షల్లో 20 శాతం పోతే 14 లక్షల 40 వేలు. 150 గంటలకు పంచితే గంటకు 9,600 రూపాయలు. ఆర్22 గంటకు 30 లీటర్లకు అటూ ఇటూ అవ్‌గ్యాస్ తాగుతుంది, అది బంకులో దొరికే పెట్రోలు కాదు. పక్కన కూర్చునే ఇన్‌స్ట్రక్టర్‌కు జీతం, మిషన్‌కు బీమా, హాంగర్ కిరాయి, మెకానిక్ జీతం. వీటన్నిటికీ మించి ఓవర్‌హాల్. ఆర్22ను 2,200 గంటలకో, పన్నెండేండ్లకో, ఏది ముందైతే అప్పుడు, మొత్తం విప్పి మళ్ళీ కట్టాలి. దాని ఖర్చుకు ప్రతి గంట నుంచి కొంత పక్కన పెట్టనిదే ఏ స్కూలూ నిలవదు. ఇవన్నీ 9,600లో ఎట్లా ఇమిడాయో ఆ మెసేజ్ రాసినాయన ఒక కాగితం మీద వేసి చూపిస్తే నేనే పోయి చేరుతా. ఇమడవు కాబట్టే ఏదో ఒకటి జరుగుతుంది: 150లో కొన్ని సిమ్యులేటర్ గంటలని తర్వాత తేలుతుంది, లేకపోతే సగంలో ‘ఇంధనం రేటు పెరిగింది’ అని ఇంకో బిల్లు వస్తుంది. గంట అంటే ఏ గంట అని కూడా అడగాలి. ఇంజన్ స్టార్ట్ చేసినప్పటి నుంచా, నేల విడిచినప్పటి నుంచా? 150 సార్లు పది నిమిషాలు వేసుకుంటే 25 గంటల డబ్బు.

మన దేశంలో హెలికాప్టర్ నేర్పే చోట్లు తక్కువ, బెంగళూరులో హెచ్‌ఏఎల్ వాళ్ళ రోటరీ వింగ్ అకాడమీ వాటిలో ఒకటి. ఫ్లయింగ్ స్కూల్ అని బోర్డు ఉన్నంత మాత్రాన హెలికాప్టర్ నేర్పుతారని కాదు, చాలావాటికి విమానాల అనుమతే ఉంటుంది. డీజీసీఏ వెబ్‌సైట్‌లో అనుమతి ఉన్న స్కూళ్ళ జాబితా ఉంది. అందులో పేరు ఉందా, హెలికాప్టర్‌కు ఉందా అన్నది ఐదు నిమిషాల పని.

ఆ తర్వాత రైలెక్కి పోయి కళ్ళతో చూడాలి. పొద్దున ఏడింటికల్లా హాంగర్ దగ్గర నిలబడమని మా అల్లుడికి చెప్పాను. రిసెప్షన్ చల్లటి గదిలో కూర్చుంటే కాఫీ, కరపత్రం తప్ప ఏమీ తెలియదు. హెలికాప్టర్లు ఎన్ని అని కాదు, ఈరోజు ఎగిరేవి ఎన్ని అని అడగాలి. ఐదుంటే రెండు గుడ్డ కప్పుకుని ఉండొచ్చు, ఒకదానికి తోక రోటరే ఉండకపోవచ్చు. ఆర్22 దగ్గర నిలబడి వెనక ఇంజన్ దిక్కు చూడు. ఇంజన్ నుంచి రోటర్‌కు, అంటే పైన తిరిగే రెక్కలకు, శక్తి పోయేది బెల్టుల మీద. పిండి గిర్నిలో మోటార్ నుంచి రాయికి పోయే బెల్టు వరుసే. గిర్నిలో బెల్టు తెగితే పిండి ఆగుతుంది, ఇక్కడ తెగితే పైన ఇద్దరుంటారు. ఆ బెల్టు గురించి మెకానిక్‌ను అడిగితే సంబరంగా చూపిస్తాడా, ‘ఆఫీసులో అడగండి’ అంటాడా? ఈ ఒక్క ప్రశ్నతో నాకు ఆ స్కూలు సగం అర్థమవుతుంది. సరైన మెకానిక్‌కు తన పని చూపించుకునే అవకాశం పండుగే, మేమంతా అట్లాంటోళ్ళమే.

ఇన్‌స్ట్రక్టర్ సంగతి అంతకన్నా పెద్దది. ఆర్22 రోటర్ తేలిక. గాల్లో ఇంజన్ ఆగితే రెండు సెకన్లలోపే కలెక్టివ్, అంటే పైలట్ ఎడమ చేతి దిక్కు లీవర్, దించాలి, లేకపోతే రోటర్ వేగం పడిపోతుంది, పడిపోయినది మళ్ళీ రాదు. ఇంజన్ లేకుండా రోటర్‌ను గాలితోనే తిప్పుకుంటూ దిగడాన్ని ఆటోరొటేషన్ అంటారు. దీన్ని ఎన్నిసార్లు చేయించారు, నేలదాకా చేయించారా, పైనే ఆపి ఇంజన్ అందుకున్నారా అన్నది స్కూలుకూ స్కూలుకూ మారుతుంది. కావాలంటే ఇప్పుడు నేర్చుకుంటున్నవాళ్ళ లాగ్‌బుక్ చూపించమని అడగండి. అమెరికాలో ఈ ఆర్22, ఆర్44ల కోసమే ప్రత్యేక నియమాలు పెట్టారు. అంతకుముందు హెలికాప్టర్ రేటింగ్ లేని విద్యార్థి ఆర్22లో ఇన్‌స్ట్రక్టర్‌తో 20 గంటలు ఎగిరితే గాని ఒంటరిగా ఎగరనియ్యరు. అందులో నేర్పాలంటే ఇన్‌స్ట్రక్టర్‌కు హెలికాప్టర్ మీద 200 గంటలుండాలి, వాటిలో 50 ఆర్22 మీదే. ప్రమాదాలు చూసి రాసుకున్న నియమాలివి. ‘ఏ స్కూలైనా ఒకటే’ అయితే ఇవెందుకు?

‘ఒకేసారి కడితే 20 శాతం తగ్గింపు.’ ఇక్కడ నాకు కోపమే వస్తుంది. అమెరికాలో లాస్ వెగాస్ కేంద్రంగా సిల్వర్ స్టేట్ హెలికాప్టర్స్ అని పెద్ద స్కూలుండేది, దేశమంతా శాఖలు. విద్యార్థులు 70 వేల డాలర్ల దాకా అప్పు తెచ్చి ముందే కట్టారు. 2008 ఫిబ్రవరి 3న, ఒక ఆదివారం, తలుపులు మూసేసింది. వేలమంది విద్యార్థులకు లైసెన్స్ లేదు, డబ్బు లేదు, బ్యాంకు వాయిదా మాత్రం ఉంది. అంత దూరం పోనవసరం లేదు. నాకు తెలిసిన ఇంకో పిల్లవాడు రెండెకరాలు కుదవపెట్టి మొత్తం కట్టాడు. ఆ స్కూలుకున్న ఒక్కగానొక్క హెలికాప్టర్ ఓవర్‌హాల్‌కు పోయింది. ఏడు నెలలు హాస్టల్ గదిలో పడుకుని, నేర్చుకున్న హోవర్, అంటే గాల్లో ఒకేచోట నిలపడం, కూడా మరిచిపోయాడు. స్కూలు పేరు రాయను, వాడు ఇంకా వాపసు కోసం తిరుగుతున్నాడు. పది గంటలకు సరిపడా కట్టు, ఎగిరినాక మళ్ళీ పది. ఒప్పుకోని స్కూలు నీ డబ్బుతో పాత బాకీ తీరుస్తోందని నా అనుమానం. రాసిచ్చే కాగితంలో రిఫండ్ వాక్యం చదవాలి. విద్యార్థి చేతిలో మిషన్ దెబ్బతింటే బీమా పోను మిగిలినది ఎవరు భరిస్తారో కూడా అందులోనే ఉంటుంది.

‘అమెరికా లైసెన్స్ తెస్తే స్టాంపు పడుడే.’ పడదు. ఇక్కడికొచ్చి డీజీసీఏ రెగ్యులేషన్స్ పేపర్, నావిగేషన్, వాతావరణం రాయాలి. రేడియో లైసెన్స్ కావాలి, ఇక్కడి మెడికల్ కావాలి, ఫ్లయింగ్ పరీక్ష ఇవ్వాలి. మన దేశంలో పని చేసేవి ఎక్కువగా బెల్ 407, హెచ్125 లాంటి టర్బైన్ మిషన్లు. ఆర్22 మీద నేర్చుకున్న చేతికి వాటి టైప్ ఎండార్స్‌మెంట్, అంటే ఆ మోడల్ నడిపే అనుమతి, విడిగా, ఖర్చు కూడా విడిగా. అక్కడ స్కూలు ఎంచుకునేటప్పుడు వీసా సంగతి మొదట చూడాలి. చాలా స్కూళ్ళు ఎం-1 వీసాకే కాగితాలిస్తాయి, దాని మీద చదువు తర్వాత పని చేసే వీలు ఆరు నెలలు దాటదు. ఎఫ్-1 ఇచ్చే స్కూలైతే ఏడాది పాటు ఇన్‌స్ట్రక్టర్‌గా చేసి గంటలు పెంచుకునే దారి ఉంటుంది. ఫీజులో రెండు లక్షల తేడా చూసుకుని ఈ తేడా చూడనివాళ్ళు చాలామంది.

చివరిది, ‘మామునూరు వస్తోంది, 5 లక్షల జీతం.’ మామునూరు రావాలని నాకూ ఉంది, 2025 ఫిబ్రవరిలో కేంద్రం అనుమతి ఇచ్చిన రోజు మా వీధిలో టపాకాయలు నేనే కాల్చా. కానీ అది రన్‌వే మీద దిగే విమానాల కోసం. హెలికాప్టర్‌కు రన్‌వేతో పని లేదు, దాని ఉద్యోగాలు వేరే చోట ఉన్నాయి: ముంబై సముద్రంలో చమురు బావుల దగ్గర, కేదార్‌నాథ్, వైష్ణోదేవి యాత్రల్లో, వీఐపీల వెంట. ఆ సీట్ల కోసం నీ పక్కన క్యూలో నిలబడేది సైన్యం నుంచి, వాయుసేన నుంచి వేల గంటలతో రిటైరైనవాళ్ళు. మేడారంలో లక్షలమంది నెత్తి మీదుగా జాయ్‌రైడ్ తిప్పే పనిని 150 గంటల పిల్లవాడికి ఎవరిస్తారు? 2023 జూలైలో వరదలొచ్చి భూపాలపల్లి జిల్లా నైన్‌పాకలో జేసీబీ మీద చిక్కుకున్నవాళ్ళను పైకి లాగింది వాయుసేన హెలికాప్టర్. ఆ దారి కూడా ఉంది. వాయుసేన ఆఫీసర్ల ప్రవేశ పరీక్ష ఎఎఫ్‌క్యాట్ రాసి గెలిస్తే ఫీజు లేదు, జీతమే ఎదురు ఇస్తారు. అయితే నిన్ను ఫైటర్‌కు పంపాలా, హెలికాప్టర్‌కు పంపాలా అన్నది వాళ్ళిష్టం. మా అల్లుడికి డిగ్రీ ఇంకో ఏడాది ఉంది, అది కూడా రాయమన్నా.

ఇదంతా విని వాడు మౌనంగా అన్నం కలుపుకున్నాడు. మా అక్క మాత్రం "గట్ల మొత్తానికే వద్దనకురా, వాని మనసు ఇరిగిపోతది" అంది. నేను వద్దనలేదు. మంగళవారం క్లాస్ 2 మెడికల్‌కు హైదరాబాద్ పోతున్నాం, ఇద్దరం. నిన్న రాత్రి వాడే మూడు స్కూళ్ళకు మెయిల్ పెట్టాడు: మీ దగ్గర ఈరోజు ఎగిరిన హెలికాప్టర్లు ఎన్ని, పది గంటల చొప్పున కట్టొచ్చా, మీటర్ ఎప్పటి నుంచి తిరుగుతుంది అని. ఒకచోట నుంచి మిషన్ల రిజిస్ట్రేషన్ నంబర్లతో సహా జవాబొచ్చింది. రెండో స్కూలు ఫోన్ చేసి తగ్గింపు ఈ ఆదివారంతో అయిపోతుందని చెప్పింది. మూడోది ఇంకా పలకలేదు.