ముతు కెరీర్ 2004లో ముగిసిపోలేదు

రుమేనియా ఫుట్‌బాల్ ఫార్వర్డ్ అద్రియన్ ముతు గురించి ఒక పోస్టు తరచూ షేర్ అవుతూ ఉంటుంది. సారాంశం ఇది: ఇంగ్లండ్ క్లబ్ చెల్సీ భారీ ధర పెట్టి కొన్నది, మొదటి రోజు నుంచీ ఫ్లాప్, 2004లో కొకెయిన్‌తో దొరికాడు, డోపింగ్ చేసినందుకు ఫిఫా 1.7 కోట్ల యూరోల జరిమానా వేసింది, 25 ఏళ్లకే కెరీర్ ముగిసింది, తర్వాత మళ్లీ కొకెయిన్‌తోనే పట్టుబడ్డాడు, 2008 యూరో కప్‌లో పెనాల్టీ పోగొట్టి దేశాన్ని ముంచాడు. ఇందులో నిజం లేకపోలేదు. కానీ ఆ కొంచెం నిజం చుట్టూ అల్లినదంతా తప్పు. ఇటలీ లీగ్‌ను ఇష్టంగా చూసిన వాళ్లకు ఇది చదివితే బాధ కలుగుతుంది.

ముందు అన్నిటికంటే పెద్ద తప్పు, ‘కెరీర్ ముగిసింది’ అన్నది. 2004 అక్టోబర్‌లో చేసిన పరీక్షలో కొకెయిన్ బయటపడింది, ఆ నెలాఖరుకే చెల్సీ కాంట్రాక్ట్ రద్దు చేసింది. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం ఏడు నెలల నిషేధం, 20 వేల పౌండ్ల జరిమానా విధించింది. ఇంతవరకు నిజమే. కానీ నిషేధం నడుస్తుండగానే, 2005 జనవరిలో ఇటలీ క్లబ్ యువెంటస్ అతన్ని తీసుకుంది. రుమేనియా అప్పటికి యూరోపియన్ యూనియన్‌లో లేదు, యువెంటస్‌కు బయటి దేశాల ఆటగాళ్ల కోటా నిండిపోయింది. అందుకని ఇటలీలోనే మరో క్లబ్ లివోర్నో పేరు మీద రిజిస్టర్ చేయించి మరీ తెచ్చుకుంది. ఆట అయిపోయిన మనిషి కోసం ఏ క్లబ్బూ ఇంత శ్రమ పడదు.

అసలు ఆట 2006లో ఇటలీలోనే ఉన్న ఫియొరెంటీనా క్లబ్బుకు వెళ్లాక చూపించాడు. కోచ్ చెజారే ప్రాందెల్లి అంతకుముందు పర్మా క్లబ్బులో కూడా అతన్ని ఆడించినవాడు, ఎక్కడ ఆడిస్తే గోల్స్ వస్తాయో తెలిసినవాడు. ఆ సీజన్‌ను క్లబ్ 15 పాయింట్ల కోతతో మొదలుపెట్టింది. ముతు 16 గోల్స్, సహచరుడు లూకా తోని 16 గోల్స్ కొట్టారు. జట్టు ఆరో స్థానంలో నిలిచింది. మరుసటి ఏడాది తోని జర్మనీ క్లబ్ బయర్న్‌కు వెళ్లిపోయాడు, గోల్స్ భారమంతా ముతు మీద పడింది. లీగ్‌లో 17 కొట్టాడు, ఫియొరెంటీనా నాలుగో స్థానంతో యూరప్ మేటి క్లబ్బుల టోర్నీ చాంపియన్స్ లీగ్‌లో అవకాశం సంపాదించింది. ఆ ఏప్రిల్‌లోనే యూరప్ క్లబ్బుల మరో టోర్నీ యూఈఎఫ్ఏ కప్ క్వార్టర్‌ఫైనల్లో నెదర్లాండ్స్ క్లబ్ పీఎస్‌వీని వాళ్ల సొంత మైదానం ఐండ్‌హోవెన్‌లో 2-0తో ఓడించినప్పుడు రెండు గోల్సూ ముతువే. 2008-09లో ఇంకో 13. మూడు సీజన్లలో లీగ్ గోల్స్ మాత్రమే 46. రుమేనియా ఉత్తమ ఆటగాడిగా నాలుగుసార్లు ఎంపికైతే, అందులో మూడు (2005, 2007, 2008) చెల్సీ తీసేశాక వచ్చినవే. ఇటలీ అగ్రశ్రేణి లీగ్ సెరీ ఎలో అతని గోల్స్ 100 దాటాయి. నిషేధం తర్వాత వచ్చిన ఈ ఆటే అతని జీవితంలో ఉత్తమమైనదని నా అభిప్రాయం.

‘మొదటి రోజు నుంచీ ఫ్లాప్’ అన్న మాటకు పెద్ద జవాబు అక్కర్లేదు. 2003 ఆగస్టులో లెస్టర్ మీద తొలి మ్యాచ్‌లోనే దూరం నుంచి కొట్టి గెలుపు గోల్ తెచ్చాడు, ఆపైన టాటెన్‌హామ్ మీద రెండు. తర్వాత ఫామ్ పడిపోయింది, సీజన్ మొత్తంలో 10 గోల్స్ దగ్గర ఆగిపోయాడు. అంతకుముందు ఏడాది పర్మాకు లీగ్‌లోనే 18 కొట్టిన ఆటగాడికి అది నిరాశే. నిరాశపరిచాడు అనండి, ఒప్పుకుంటాను.

ఇక 1.7 కోట్ల యూరోలు. పోస్టులో ఎక్కువ మంది నమ్మేది ఇదే, అర్థం పూర్తిగా మారిపోయేదీ ఇక్కడే. అది డోపింగ్ జరిమానా కాదు. డోపింగ్‌కు శిక్ష ఆ ఏడు నెలలు, ఆ 20 వేల పౌండ్లు. ఇది కాంట్రాక్ట్ ఉల్లంఘించినందుకు చెల్సీ అడిగిన నష్టపరిహారం. ముతు కోసం పర్మాకు చెల్సీ కట్టినది 2.25 కోట్ల యూరోలు. ఐదేళ్ల కాంట్రాక్ట్, 2008 జూన్ దాకా. అంటే కట్టిన ధరను ఆ ఐదేళ్లకూ పంచి లెక్క రాసుకుంటారు. 14 నెలలకే అతన్ని తీసేయడంతో మిగిలిన కాలానికి సంబంధించిన ధర క్లబ్బుకు దక్కకుండా పోయింది. ఆ మిగిలిన భాగానికి, అదే లెక్కన సంతకం బోనస్, ఏజెంట్ ఫీజుల్లో మిగిలిన భాగాలూ కలిపితే 1,71,73,990 యూరోలు. 2008లో ఫిఫా వివాద పరిష్కార విభాగం ఆ మొత్తం కట్టమంది, 2009లో క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానం సమర్థించింది, 2010లో స్విస్ అత్యున్నత న్యాయస్థానం అప్పీలు కొట్టేసింది. 2013లో ఫిఫా లివోర్నో, యువెంటస్‌లను కూడా బాధ్యులను చేస్తే, 2015లో ఆ నిర్ణయం రద్దయింది. చివరికి 2018లో యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానంలోనూ ముతుకు ఊరట దొరకలేదు. న్యాయపరంగా అతను ఓడిపోయాడు, అందులో సందేహం లేదు. అయినా నాకు ఇది కఠినంగానే తోస్తుంది. అతన్ని ఉంచుకోవడమో, నిషేధం అయ్యాక అమ్ముకోవడమో చెల్సీ చేతిలోనే ఉంది. పంపించేయాలని నిర్ణయించింది క్లబ్బే, మిగిలిన ధర కట్టాల్సి వచ్చింది మాత్రం ఆటగాడికి.

‘మళ్లీ కొకెయిన్‌తోనే’ అన్నది అబద్ధం. 2010 జనవరిలో దొరికినది సిబుట్రమీన్, ఆకలి తగ్గించి బరువు తగ్గేందుకు వాడే మాత్రల్లోని మందు. గుండెకు ప్రమాదమని సరిగ్గా ఆ నెలలోనే యూరప్ మందుల నియంత్రణ సంస్థ దాని అమ్మకాలు ఆపాలని సిఫారసు చేసింది. నిషేధిత జాబితాలో ఉన్న మందు వేసుకోవడం తప్పే. తొమ్మిది నెలల నిషేధం పడింది, తర్వాత ఆరుకు తగ్గించారు. కానీ కొకెయిన్ కాదు.

పెనాల్టీ విషయానికొస్తే, 2008 జూన్ 13న జూరిచ్‌లో ఇటలీ మీద రుమేనియా గోల్ కొట్టింది ముతే. నిమిషం తిరగకుండా ఇటలీ ఆటగాడు పనూచి సమం చేశాడు. చివర్లో ముతు కొట్టిన పెనాల్టీని ఇటలీ గోల్‌కీపర్ బుఫాన్ ఆపాడు. అది గోలై 2-1తో గెలిచి ఉంటే రుమేనియా ముందుకు వెళ్లేది, ఈ మాట దాచను. కానీ ఆ తర్వాత కూడా ఆఖరి మ్యాచ్‌లో, ముఖ్యమైన ఆటగాళ్లకు విశ్రాంతి ఇచ్చిన నెదర్లాండ్స్‌ను ఓడిస్తే చాలు. రుమేనియా 0-2తో ఓడింది. ఆ ఓటమిని ఒక్కడి మీద వేయడం అన్యాయం. దేశం తరఫున 77 మ్యాచ్‌ల్లో 35 గోల్స్ చేసి రుమేనియా దిగ్గజం హాజీ గోల్స్ రికార్డును అందుకున్న మనిషి ఇతను. హాజీకి అన్ని గోల్స్‌కు 120కి పైగా మ్యాచ్‌లు పట్టాయి.

మన దేశంలో చాలామంది అతన్ని చూసింది 2015లో, ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్)లో పుణే సిటీ తరఫున, 36 ఏళ్ల వయసులో. (2019లో లీగ్‌లో ఆ క్లబ్ స్థానంలోకి వచ్చినదే హైదరాబాద్ ఎఫ్‌సీ.) వేగం తగ్గిన ఆ ముతును మాత్రమే చూసినవాళ్లు పోస్టును సులువుగా నమ్మేస్తారు.

అతన్ని నిర్దోషి అనడం నా ఉద్దేశం కాదు. 2011లో శాన్ మరీనోతో రుమేనియా మ్యాచ్ జరుగుతుండగా జట్టు సహచరుడితో బార్‌లో కూర్చుని జాతీయ జట్టు నుంచి సస్పెండ్ అయ్యాడు. 2013లో జాతీయ జట్టు కోచ్ పిత్సుర్కాను మిస్టర్ బీన్‌లా చూపించే ఫొటో ఫేస్‌బుక్‌లో పెట్టి మళ్లీ వేటు తెచ్చుకున్నాడు, ఇక దేశానికి ఆడలేదు. ముతును విమర్శించాలనుకునేవాళ్లకు ఈ తప్పులు చాలు, లేనివి చేర్చాల్సిన పని లేదు.