గంట నిండలే

(నల్లగొండ దిక్కు ఒక పల్లె. రెండొద్దుల సంది కృష్ణ నీళ్ల నల్ల రాలే. వాకిట్ల బోరు నీళ్ల బకీటు. తాత చెంబు ముంచబోతుండు.)

అవ్వ: ఆగు! కలిపి అరగంటనే అయింది. ముంచినవంటే దిగినదంత మల్ల లేస్తది.

తాత: అద్దం లెక్కున్నయ్ నీళ్లు. ఇండ్ల ఏమున్నదే?

అవ్వ: ఫ్లోరైడు.

తాత: యాడ? చూపెట్టు. కండ్లకు కనవడంది నేను నమ్మ. నీ చెర్వుగట్టు దేవుణ్ణి గూడ గందుకే నమ్మ.

అవ్వ: మన కింద గ్రానైటు రాయి. అండ్లకెళ్లి నీళ్లల్ల కరుగుతది. రంగుండదు, వాసనుండదు. లీటరుకు 1 మిల్లీగ్రాము దాటొద్దు, వేరే నీళ్లు లేకుంటే 1.5. ఏండ్లకేండ్లు అంతకు మించి తాగితే పిల్లగాండ్ల పండ్లకు గార, పెద్దోళ్లకు కీళ్లు బిగుసుడు.

తాత: మసలవెట్టి తాగుదం.

అవ్వ: మసిలితే నీళ్లు ఆవిరైతయ్, ఫ్లోరైడు గిన్నెలనే ఉంటది. పది లీటర్లు అయిదు జేస్తే 2 ఉన్నది 4 అయితది, నీ తెలివి పాడుగాను!

తాత: మరి పటికేస్తే పోతదా?

అవ్వ: ఉత్త పటిక గాదు. ముందుగాల సున్నం, ఎనుక బ్లీచింగ్ పౌడర్, ఆఖర్న పటిక. సున్నం పటికల ఇరవయ్యో వంతు. పటిక నీళ్లను పులగొడ్తది, సున్నం సరిజేస్తది. పది నిమిషాలు మెల్లగ కలిపి గంట కదపొద్దు. తెల్ల తునకలు ఫ్లోరైడును పట్కొని అడుక్కు దిగుతయ్. నాగపూర్‌ల నీరి (NEERI) అనే సర్కారు పరిశోధన సంస్థోళ్లది ఈ పద్ధతి, పేరు మాత్రం మనదే, నల్లగొండ టెక్నిక్. పటిక ఎంతనేది ల్యాబుల నీళ్లు చూసి చెప్పాలె. తక్కువైతే ఫ్లోరైడు మిగుల్తది, ఎక్కువైతే అల్యూమినియం.

తాత: ల్యాబోళ్లకు మాత్రం కనవడ్తదా?

అవ్వ: ఎర్ర మందు కలిపితే పసుపు దిక్కు తిరుగుతది. ఎంత తిరిగితే అంత ఫ్లోరైడు.

తాత: గది రంగు. ఫ్లోరైడు గాదు!

అవ్వ: డబ్బల బియ్యం దినాం తగ్గుతుంటే ఎల్కను చూసినంకనే నమ్ముతవా? 1930ల పౌలి అనే సైంటిస్టు గట్లనే లెక్క తీసిండు. కొన్ని పరమాణువులు ఎలక్ట్రాన్‌ను ఇడిసిపెట్టినప్పుడు శక్తి తక్కువ పడ్తున్నది, కనవడని కణమేదో ఎత్కపోతున్నదన్నడు. 26 ఏండ్లు ఎవ్వలకు చిక్కలే. 1956ల అణు రియాక్టర్ పక్కన పట్టిన్రు. న్యూట్రినో. 1965ల కోలారు బంగారు గనుల గూడ, 2 కిలోమీటర్ల పైన లోతుల. సూర్యునికెళ్లొచ్చి నీ బొటనేలు గోర్లకెళ్లి సెకనుకు 6,500 కోట్లు పోతున్నయ్ గిప్పుడు.

తాత: (గోరు చూస్కుంట) తిమ్మిరి గందుకేనా?

అవ్వ: అవి శానమట్టుకు దేన్నీ ముట్టవు. ముడితే గింత తిప్పలెందుకు పట్టేటోళ్లకు!

తాత: గట్లనే దేవుణ్ణి గూడ పట్టి చూపెట్టు మరి.

అవ్వ: దేవుడు లేకుంటే ఏ లెక్క తక్కువ పడ్తదో నేను చెప్పలేను. గందుకే దాన్ని మొక్కు అంట, పరీక్ష అన. గట్టు తీర్థం పోస్తే ఫ్లోరైడు పోతదని ఏనాడన్న అన్ననా? గది సరె, కనవడంది నమ్మనోనివి కొబ్బరికాయ ఎందుకు తెచ్చినవ్?

తాత: కొత్త బోరు పాయింటుకు. నీళ్లున్న కాడ అరచేతిల కాయ లేసి నిలవడ్తది. కండ్లార చూసిన.

అవ్వ: కాయను చూసినవ్, నీళ్లను గాదు. చెయ్యి ఇసుమంత వంగితే లేస్తది, వంచినట్టు నీకే తెల్వది. కండ్లకు తువ్వాల కట్టుకో. మూడు సార్లు తిరుగు, కాయ లేసినప్పుడల్లా నేనొక రాయి పెడ్త.

(తాత తిరిగిండు. తువ్వాల ఇప్పిండు.)

అవ్వ: ఒకటి బర్రె కొట్టం కాడ, ఒకటి జామచెట్టు కాడ, మూడోది పక్కింటోళ్ల గోడకు.

తాత: మూడు తాన్ల నీళ్లున్నయేమో!

అవ్వ: ఉంటే ఉండొచ్చు. నీళ్లుండేది రాతి పగుళ్లల్ల. ఇరవై అడుగులు జరిగితే దుమ్మే లేస్తది. కడ్డీలు పాతి కరెంటు పంపి కొలిచేటోళ్లను పిలువు. తడి పగులైతే కరెంటు అల్కగ పోతది. ఆళ్లదీ తప్పొచ్చు గని, యాడ తప్పిందో చూస్కునేతందుకు కాగితం మీద అంకెలుంటయ్.

తాత: గొంతెండుతున్నదే. నీళ్లన్న ఇయ్యి.

అవ్వ: ఇంక పావుగంటున్నది. ఆ కాయ కొట్టుకొని తాగు.

తాత: (కాయను ఎండకు పట్టి చూస్కుంట) ఇండ్ల ఫ్లోరైడు ఉండదు గదనే?