పౌర సమాజానికి మార్కులు వేయొచ్చా?

(ఒకరు స్టాటిస్టిక్స్ చెప్పి రిటైరైన మాస్టారు. ఇంకొకరు ఆయన దగ్గరే చదువుకుని, పల్లెల్లో మహిళా సంఘాలతో పనిచేస్తున్న కార్యకర్త. పౌర సమాజం అంటే ప్రభుత్వానికీ వ్యాపారానికీ బయట జనం కలిసి నడుపుకునే సంఘాలూ ఉద్యమాలూ. ఏ దేశంలో అది ఎంత బలంగా ఉందో అంకెల్లో చెప్పగలమా అన్నది వాదన.)

కార్యకర్త: చెప్పలేం మాస్టారూ. బలం కొలుస్తామని బయల్దేరి చివరికి రిజిస్టరైన సంఘాల్ని లెక్కపెడతారు. మన దేశంలో 31 లక్షల స్వచ్ఛంద సంస్థలున్నాయని 2015లో సీబీఐ సుప్రీంకోర్టుకు చెప్పింది. వివరాలు అందిన రాష్ట్రాల్లో జమాఖర్చులు దాఖలు చేసినవి పదో వంతు కూడా లేవనీ చెప్పింది. బోర్డూ సీలూ ఉంటే సంఘమైపోతుందా?

మాస్టారు: లెక్కపెట్టడం దగ్గరే ఎవరూ ఆగిపోలేదమ్మా. జొహన్నెస్‌బర్గ్‌లోని సివికస్ అనే పౌర సంఘాల అంతర్జాతీయ కూటమి 2003–06 మధ్య యాభైకి పైగా దేశాల్లో ఏం చేసిందో చూడు. సంఘాల నిర్మాణం, చుట్టూ ఉన్న చట్టాలూ పరిస్థితులూ, పాటించే విలువలు, చూపిన ప్రభావం అని నాలుగు కోణాలు. వాటి కింద 74 సూచికలు, ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు. నాలుగూ కలిపి గీస్తే వజ్రం బొమ్మ వస్తుంది. ఏ మూల కుంగిందో చూడగానే తెలుస్తుంది.

కార్యకర్త: మార్కులు వేసిందెవరు?

మాస్టారు: ఆ దేశం వాళ్లే. సలహా బృందం ఒకటి కూర్చుని వేస్తుంది.

కార్యకర్త: అక్కడే వచ్చింది చిక్కు. ఒక దేశం వాళ్లు ధారాళంగా 2 వేసుకుంటారు, అంతే పనికి ఇంకో దేశం వాళ్లు 1 వేస్తారు. పేపర్లు దిద్దిన మీకు తెలియనిదా?

మాస్టారు: తెలుసు కాబట్టే విరుగుడూ చెబుతున్నా. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ యూనివర్సిటీ నుంచి నడిచే, దేశాల్లో ప్రజాస్వామ్యాన్ని కొలిచే వీ-డెమ్ వాళ్లు ఒక్కో ప్రశ్నకు ఐదుగురు నిపుణులైనా ఉండేలా చూసుకుంటారు. లేని దేశాన్ని ఒకదాన్ని వర్ణించి, దానికి మార్కు వేయమని నిపుణుల్ని అడుగుతారు. ఎవరిది బిగువు చెయ్యో, ఎవరిది ధారాళమో అక్కడ బయటపడుతుంది. ఆ తేడా సరిచేశాకే అంకె ఇస్తారు. మన యూనివర్సిటీ స్పాట్ వాల్యుయేషన్‌లో ఈ పద్ధతి ఉంటే ఎంతమంది పిల్లలు బాగుపడేవాళ్లో!

కార్యకర్త: చెయ్యి సరిచేశారు, బాగానే ఉంది. మరి చూపు? పోలండ్‌లో 1980లో సాలిడారిటీ కార్మిక సంఘం పుట్టింది. ఏడాదిలో కోటిమంది దాకా చేరారు. 1981 డిసెంబర్‌లో సైనిక శాసనం పెట్టారు, మరుసటి ఏడు సంఘాన్నే రద్దు చేశారు. అప్పుడు మీ కొలత పెట్టుంటే చట్టానికి సున్నా, సభ్యత్వానికి సున్నా. రహస్య పత్రికలు మాత్రం అచ్చవుతూనే ఉన్నాయి. 1989 ఎన్నికల్లో కమ్యూనిస్టు పాలకుల్ని ఓడించింది ఆ సాలిడారిటీయే. విచిత్రం ఏంటంటే, స్వేచ్ఛ వచ్చాక చేసిన సర్వేల్లో పోలండ్ జనం సంఘాల్లో చేరడం తక్కువని తేలింది. 2022లో యుక్రెయిన్ నుంచి లక్షలమంది సరిహద్దు దాటి వస్తే, ఆ జనమే కార్లేసుకుని వెళ్లి వాళ్లను తమ ఇళ్లకు తెచ్చుకున్నారు. వాళ్ల పేర్లు ఏ సభ్యత్వ రిజిస్టర్‌లో వెతుకుతారు?

మాస్టారు: నీ పోలండ్ నా తరఫు సాక్షి. చట్టం మూల కుంగినా తక్కిన మూలలు నిలబడ్డాయి. ఇలాంటివి కనిపించాలనే సివికస్ నాలుగింటినీ కలిపి ఒకే అంకె చేయలేదు. ఇంకోటి కూడా చెప్పాలి. 1920ల జర్మనీలో ఎక్కడ చూసినా క్లబ్బులూ సంఘాలే. నాజీలు ఆ సంఘాల్లోంచే మనుషుల్ని పోగుచేసుకున్నారని షెరీ బెర్మన్ అనే పరిశోధకురాలు చూపించారు. సంఘాలు ఎక్కువుంటే చాలదు, విలువల్ని విడిగా చూడాలి.

కార్యకర్త: 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకుంటున్న ఆడవాళ్లు సారాయి దుకాణం మూయించారు. ముందు నిలబడిన రోశమ్మకూ ఆమె తోటివాళ్లకూ రిజిస్ట్రేషన్ లేదు, ఫండ్ లేదు. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారాయి బంద్. ఆ ఊపులోనే పొదుపు సంఘాలు పెరిగాయి, ప్రభుత్వం వాటిని తన కార్యక్రమం చేసుకుంది. ఇప్పుడవి లక్షల్లో ఉన్నాయి. మంత్రిగారి సభ ఉందంటే ముందు కబురొచ్చేది వాళ్లకే. సంఖ్య చూస్తే బ్రహ్మాండం. ఎదురుతిరిగే సత్తువ మాటేంటి?

మాస్టారు: ఆ మాటే ప్రశ్నగా పెట్టు. “గత ఏడాది మీ సంఘం ఏ అధికారి మాటకైనా అడ్డు చెప్పిందా?”

కార్యకర్త: మండలాఫీసు నుంచి వచ్చినాయన అడిగితే “ఆ, చెప్పాం” అంటుందా ఎవరైనా? లోన్ టెన్షన్ ఉండదూ!

మాస్టారు: బయటివాళ్లు అడగాలి. అసలు కొలతే వద్దంటే నష్టం ఎవరికి? ఏ దేశంలో సంఘాలకు ఎంత స్వేచ్ఛ ఉందో చూసి తరగతులు వేసే సివికస్ మానిటర్ 2019లో మన దేశాన్ని ‘అణచివేత’ తరగతిలోకి దించింది. మరుసటి ఏడు విదేశీ విరాళాల చట్టం సవరించి, నిర్వహణ ఖర్చుల పరిమితిని 50 నుంచి 20 శాతానికి తగ్గించారు. ఇది కాదనాలన్నా ఔననాలన్నా చేతిలో ఏదో ఒక కొలత ఉండాలి కదా.

కార్యకర్త: ఆ తరగతి చెప్పేది ప్రభుత్వం ఎంత తొక్కుతోందన్నది. జనం ఎంత గట్టివాళ్లన్నది కాదు. మీ వాళ్లు రెండూ ఒకటే అన్నట్టు చదువుతారు.

మాస్టారు: అది మాత్రం ఒప్పుకుంటా. అవి రెండు వేర్వేరు పట్టికలు.

కార్యకర్త: అయితే ఆ రెండో పట్టిక పట్టుకుని మా సంఘం మీటింగుకి రండి.

మాస్టారు: వస్తా. మార్కులు మాత్రం మీరు వేసుకోకూడదు. పక్క మండలం సంఘాలవాళ్లు వేయాలి.

కార్యకర్త: వాళ్లకీ మాకూ పడదు మాస్టారూ, అన్నీ సున్నాలే వేస్తారు!

మాస్టారు: బిగువు చెయ్యిని సరిచేసే పద్ధతి చెప్పానుగా.