పిల్లలు సరే, పంతుళ్లు ఏరీ?

బేగంపేట హైదరాబాద్ పబ్లిక్ స్కూల్ పూర్వ విద్యార్థుల మీద మీరు రాసిన వ్యాసం బాగుంది. 1923లో జాగీర్దార్ల పిల్లల కోసం పెట్టిన బడి, జాగీర్లు రద్దయ్యాక అందరికీ తలుపులు తీసింది. మైక్రోసాఫ్ట్ సీఈఓగా పేరొందిన సత్య నాదెళ్ల, అడోబీని నడిపించిన శంతను నారాయణ్, మాస్టర్‌కార్డ్ మాజీ సీఈఓ అజయ్ బంగా, క్రికెట్ వ్యాఖ్యాత హర్షా భోగ్లే అక్కడి వాళ్లే. ఒక్క బడి నుంచి ఇంతమందా అని ముచ్చటేస్తుంది.

నాకు మాత్రం వీళ్ల పదవుల కంటే నాదెళ్ల చెప్పిన క్రికెట్ ముచ్చటే ఇష్టం. స్కూల్ మ్యాచ్‌లో ఆయన బౌలింగ్ తేలిపోతుంటే కెప్టెన్ బంతి తీసుకుని తనే వికెట్ పడగొట్టాడు. ఆ వెంటనే బంతి మళ్లీ నాదెళ్ల చేతికే ఇచ్చాడు. కుర్రాడి ధైర్యం పోకూడదని కాబోలు. ఇలాంటివి ఏ సిలబస్‌లో ఉంటాయి చెప్పండి?

ఒక్కటే లోటు. వ్యాసం నిండా సీఈఓలే, టీచర్ పేరు ఒక్కటీ లేదు. ఏ పాత బడి గురించి రాసినా ఇదే వరస. మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీనే తీసుకోండి. అక్కడ పాఠాలు చెప్పిన డేవిడ్ హార్స్‌బర్గ్ 1972లో కర్ణాటకలోని ఒక పల్లెప్రాంతంలో నీల్‌బాగ్ అనే చిన్న బడి పెట్టారు. పరీక్షలు లేవు, దెబ్బలు లేవు. చదువుతో పాటు వడ్రంగం, కుండలు చేయడం. టీచర్లకు శిక్షణ కూడా అక్కడే. చదువుల మీద పనిచేసేవాళ్లు ఇప్పటికీ ఆయన పేరు తలుస్తారు, బయటివాళ్లకు తెలియదు.

రెండో భాగం రాస్తే పంతుళ్ల మీదే రాయండి. సీఈఓల సంగతి ఎలాగూ పేపర్లు రాస్తూనే ఉంటాయి.