మెడలో వేలాడే కొలత టేపుకి, ఒక దర్జీ కూతురు వ్రాయునది

మహారాజశ్రీ కొలత టేపు గారి సముఖమునకు,

ఇక్కడ మేమంతా క్షేమం. తమరి క్షేమం మాత్రం అనుమానంగా ఉంది కనుక ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

తమరు, గారు అనడం ఇక్కడితో సరి. నాకు ఊహ తెలిసేసరికే నువ్వు మా నాన్న మెడలో ఉన్నావు. అమ్మ మెడలో పుస్తెలు, నాన్న మెడలో నువ్వు. రెండూ పెళ్లిలోనే కట్టారేమో అనుకునేదాన్ని. ఒకవైపు 60 అంగుళాలు, తిరగేస్తే 150 సెంటీమీటర్లు. ఆ రెండో వైపు ఎందుకుందో మా కొట్లో ఎవరూ పట్టించుకోలేదు. అంత చనువున్నదానివి, కాబట్టి నువ్వనే పిలుస్తాను.

సంగతేమిటంటే, 2017లో అమెరికాలో నీ తోబుట్టువు ఒకదాని మీద పెద్ద నింద పడింది. ప్రాజెక్ట్ రన్‌వే అని అక్కడ టీవీలో ఒక పోటీ. పదిహేను పదహారు మంది డిజైనర్లను ఒకచోట పెట్టి, చేతికి గుడ్డ ఇచ్చి, గోడ మీద గడియారం చూపించి, కుట్టమంటారు. ఒక్కో వారం ఒక్కొక్కరిని ఇంటికి పంపుతారు. దాని పదహారో సీజన్లో క్లెయిర్, షాన్ అని కవల అక్కచెల్లెళ్లు వచ్చారు. ఇద్దరినీ ఒకసారి అట్టడుగున నిలబెట్టి, మీలో మీరు పోటీపడి తేల్చుకోండి అన్నారు. నేనే పోతానులే అని షాన్ తప్పుకుంది. మిగిలిన క్లెయిర్ తర్వాత ఒక పోటీ గెలిచింది కూడా. ఆ గెలుపు ప్రకటించగానే ఇంకో పోటీదారు ర్యాంప్ మీద నుంచి విసవిసా దిగి వెళ్లిపోవడం జరిగింది. కథ అక్కడి నుంచి తిరిగి తిరిగి నీ దగ్గరికొచ్చింది. క్లెయిర్ బస చేసిన గదిలో నువ్వున్నావట. నీతో ఆవిడ తన బట్టలే కొలుచుకుందట. అది అక్కడి రూలుకి విరుద్ధం. నిజమేనని ఒప్పుకుంది. టిమ్ గన్ గారు, అంటే అప్పట్లో అక్కడి గురువుగారు, వచ్చి పెట్టె సర్దుకోమన్నారు.

అది చూసిన రోజు నాకు అర్థం కాక నాన్నకి ఫోన్లో ఆ ముక్క చూపించాను. ఆయన కళ్లద్దాలు పైకి తోసి, "ఏం దొంగిలించింది ఆ అమ్మాయి?" అన్నారు.

"ఏమీ లేదు నాన్నా. రూములో టేపు పెట్టుకుంది. తన బట్టలు కొలుచుకుంది."

"అంటే ఆది తీసుకుందా?"

చూశావా, ఒక్క మాటలో తేల్చేశారు. ఆది! ఆ దేశంలో ఆది తీసుకుంటే నేరం. ఇక్కడ ఆది లేకుండా కొట్టు మెట్టెక్కితే నేరం. "ఆది జాకెట్టు తెచ్చావా అమ్మా?" అన్న ప్రశ్న తర్వాతే మా నాన్న "కూర్చో" అంటారు. సరిగ్గా కుదిరిన పాత జాకెట్టు ఒకటి ప్రతి ఇంట్లో బీరువా అడుగున ఉంటుంది. రంగు వెలిసి, చంకల దగ్గర పట్టు చిరిగినా దాన్ని పారేయరు, ఎందుకంటే అది జాకెట్టు కాదు, దస్తావేజు. మగ దర్జీ ఆడవాళ్ల ఒంటిమీద టేపు పెట్టడమేమిటన్న మర్యాద కొద్దీ ఈ పద్ధతి వచ్చిందని నాన్న అంటారు. నాకు తెలిసినంతవరకు ఆయన ఆడవాళ్ల ఒంటి మీద నిన్ను వేసింది తక్కువ, ఆది జాకెట్టు మీద వేసింది ఎక్కువ. టిమ్ గన్ గారు గనక మా బజారుకొస్తే, సాయంత్రానికి తెలుగునాట ఆడవాళ్లందరూ అనర్హులు.

"ఆది లేకుండా కుట్టింది బ్రహ్మ ఒక్కడే. ఆయన కుట్టినవాటిలోనూ ఎన్ని వంకరలో చూడు" అని నాన్న మళ్లీ కాజాల్లో తల దూర్చేశారు.

న్యాయం చెప్పాలంటే ఆ రూలులో తప్పేమీ లేదు. అందరికీ అదే గది, అవే గంటలు. ఒకరు రాత్రిపూట గదిలో కొలతలు తీసుకుంటే మిగతావాళ్లకి అన్యాయమే. క్లెయిర్ తప్పు చేసింది, ఇంటికెళ్లింది. నా బాధ అది కాదు. ఇన్నేళ్లుగా అక్కడ నడుస్తున్న గొడవల్లో సాక్ష్యం చేతికి దొరికేది నీలాంటి వస్తువు ఇరుక్కున్నప్పుడే. మిగతా తగువులన్నీ కంటి కొలతే.

మొదటి నుంచీ అంతే. 2004 డిసెంబర్లో ఆ పోటీ మొదలైనప్పుడు తొలి పరీక్ష ఎక్కడ పెట్టారనుకున్నావు? గ్రిస్టీడీస్ అనే న్యూయార్క్ కిరాణా సూపర్‌మార్కెట్లో. 50 డాలర్లు చేతిలో పెట్టి, ఇక్కడ దొరికే సరుకులతో గౌను కుట్టమన్నారు. ఆస్టిన్ స్కార్లెట్ అనే అబ్బాయి మొక్కజొన్న పొట్టుతో గౌను కట్టి గెలిచేశాడు. మొక్కజొన్న పొట్టు! మా ఊళ్లో గేదె తినే సరుకు. పచ్చిగా ఉన్నప్పుడు కొలిస్తే ఒక లెక్క, ఎండి ముడుచుకున్నాక ఇంకో లెక్క. ఆ రోజు నీ అంకెల గతి ఏమైందో నువ్వే చెప్పాలి. నాలుగో సీజన్లో మిఠాయిలిచ్చి కుట్టమంటే జిలియన్ లూయిస్ ఎర్రటి ట్విజ్లర్స్ తాళ్లతో కుట్టింది. అయిదో సీజన్లో మళ్లీ అదే కిరాణా కొట్టుకి తీసుకెళితే కెల్లీ మార్టిన్ వాక్యూమ్ క్లీనర్ సంచులూ కాఫీ వడపోత కాగితాలూ రంగులో ముంచి గెలిచింది. ఇవి చూసి నేను నోరు తెరిచినమాట నిజం. గుడ్డ లేకుండా కుట్టగలిగినవాళ్లని నేను వెక్కిరించలేను. నాన్న మాత్రం ఒకే మాటన్నారు: "ఉతికితే?"

గుడ్డ ఉన్న వారాల్లో వాళ్లని మూడ్ అనే పెద్ద గుడ్డల కొట్టుకి తోలుతారు. అక్కడ అరగంట అంటే మహా ప్రసాదం. అరగంటలో గుడ్డ, లైనింగ్, జిప్పు, దారం అన్నీ! మా అమ్మ ఒక్క చీరకి ఫాల్ మ్యాచింగ్ చూడ్డానికి పొద్దున టిఫిన్ తిని బయల్దేరితే మధ్యాహ్నం భోజనానికి వచ్చేది. చీర కొంగు పట్టుకుని కొట్టు బయటికొచ్చి, ఎండలో చూసి, లోపలికెళ్లి, "ఇంకొంచెం కుంకుమ రంగు మీద ఉండాలి బాబూ" అని మళ్లీ మొదలు. అమ్మని ఆ పోటీకి పంపితే గుడ్డ తేకుండానే సీజన్ అయిపోతుంది.

ఇక ఒక్క రోజులో గౌను. నేను చెబితే నాన్న నమ్మలేదు. "కుట్టొచ్చు. హెమ్మింగ్ ఎవరు చేశారు, కాజాలెవరు కుట్టారు, అది చెప్పమను" అన్నారు. నిజమే, చాలాసార్లు ఎవరూ చెయ్యలేదు. జిగురు తుపాకితో అంటించి, పిన్నీసులు గుచ్చి, మోడల్‌ని బతిమాలి ర్యాంప్ మీదికి తోసేస్తారు. గురువుగారు గదిలో తిరుగుతూ, చెయ్యి గడ్డం కింద పెట్టుకుని, ఎలాగోలా కానివ్వండి అనే అర్థం వచ్చే ఒక ముక్క అనేవారు. ఆ ముక్కకి ఎంత పేరొచ్చిందో! మా నాన్న అదే ముక్క ముప్ఫై ఏళ్లుగా, దసరా ముందు వారం, రోజుకి నలభై సార్లు అంటున్నారు. ఎవరూ కెమెరా తీసుకురాలేదు.

తగువుల సంగతికొస్తే, నువ్వొక్కదానివే ఇరుక్కున్నావని దిగులు పడకు. 2006లో, మూడో సీజన్లో, కీత్ మైఖేల్ అనే ఆయన దగ్గర కటింగ్ నేర్పే పుస్తకాలు దొరికాయని పంపేశారు. అదే సీజన్ చివర్లో లారా బెనెట్ అనే ఆవిడ, ఆరో బిడ్డ కడుపులో ఉండగా పోటీ చేస్తూ, జెఫ్రీ సెబేలియా కుట్లు చూసి, ఇంత చక్కటి పనితనం ఒక్క చేతిది కాదని అనుమానపడింది. దాని మీద విచారణ! కుట్టు బాగోలేదని గొడవపడేవాళ్లని చూశాను కానీ, బాగుందని గొడవపడటం అప్పుడే చూశాను. చివరికి కుట్టుపని అతనిదేనని తేలింది. ఖర్చు లెక్క మించిందని మోడళ్ల తలకి పెట్టాలనుకున్న విగ్గులు మాత్రం తీసేయమన్నారు. విగ్గుల్లేకుండానే గెలిచాడు. ఆ లెక్కలోనైనా అంకెలున్నాయి, సంతోషం.

నువ్వు నిజంగా సిగ్గుపడాల్సింది, లేదా వాళ్లని సిగ్గుపడేలా చేయాల్సింది, వేరే చోట ఉంది. ఏళ్ల తరబడి ఆ పోటీలో వచ్చే మోడళ్లంతా ఒకే మూసలో ఉండేవారు. నీలో సగం కూడా విప్పనక్కర్లేదు. అప్పుడప్పుడు మాత్రం మామూలు మనుషులకి కుట్టే వారం ఒకటి పెట్టేవారు. ఆ వారం చూడాలి, మొన్నటిదాకా పారిస్ గురించి మాట్లాడినవాళ్లు నడుము కొలత చూసి కుదేలైపోయేవారు. ఈ జెఫ్రీయే, తోటి పోటీదారు ఏంజెలా వాళ్లమ్మకి కుట్టాల్సి వచ్చినప్పుడు, ఆవిడని ఏడిపించాడు. సొంత కూతురు పక్కనే ఉండగా. గొప్ప డిజైనరే కావచ్చు. మా కొట్లో అయితే రెండో రోజు షట్టరు దింపాల్సిందే. మా నాన్న ఏ ఆడమనిషి కొలతా పైకి చదవరు. అంకె పెదాల మధ్యే అనుకుని, పుస్తకంలో రాసి, పుస్తకం మూసి, "కాస్త లూజు పెట్టమంటారా అమ్మా, లోపల రెండు కుట్లు ఎక్కువ వదులుతాను" అంటారు. లావయ్యారని చెప్పడానికి తెలుగులో ఇంతకంటే మర్యాదైన వాక్యం నాకు తెలీదు.

నీ పరువు కాస్త నిలబడింది చాలా ఆలస్యంగా. 2015లో యాష్లీ నెల్ టిప్టన్ లావుపాటి మనుషుల కోసమే కలెక్షన్ కుట్టి గెలిచింది. 2017లో, అంటే నువ్వు ఆ గదిలో దొరికిన సీజన్లోనే, మోడళ్లని 0 నుంచి 22 సైజు దాకా తెచ్చారు. నువ్వు ఎక్కువగా పనికొచ్చిన ఏడాదే నిన్ను పట్టుకున్నారన్నమాట.

ఇంకో ముచ్చట చెప్పి వదిలేస్తాను. 2010లో, ఎనిమిదో సీజన్లో, మొండో గెర్రా అనే కుర్రాడు కూడిక గుర్తుల్లాంటి ప్రింటు ఒకటి వేశాడు. దీని వెనక కథేమిటని జడ్జి నీనా గార్సియా అడిగితే మొదట చెప్పలేదు. మళ్లీ అడిగితే, తనకి హెచ్‌ఐవీ ఉందని, పదేళ్లుగా ఇంట్లోవాళ్లకి కూడా చెప్పలేదని ఆ ర్యాంప్ దగ్గరే నిలబడి చెప్పాడు. ఆ ప్రింటు గజాల లెక్కన నువ్వు కొలిచే ఉంటావు.

ఆ మొండో ఫైనల్ దాకా వెళ్లాడు. జడ్జీల్లో హైడీ క్లూమ్, ఆ రోజు అతిథిగా వచ్చిన జెస్సికా సింప్సన్ అతనే అన్నారు. మైఖేల్ కోర్స్, నీనా గార్సియా మాత్రం ఇంకో పోటీదారు గ్రెచెన్ జోన్స్ అన్నారు. వాదించి వాదించి గ్రెచెన్‌కి ఇచ్చారు. ఆ తీర్పు ఇప్పటికీ నా గొంతు దిగదు. కానీ ఎవర్ని అడగను? అరంగుళం తేడా అయితే నిన్ను పట్టుకెళ్లి చూపించొచ్చు. అందులో జీవం లేదు, ఇందులో మరీ ఎక్కువుంది అనేవాళ్ల ముందు నిన్నెక్కడ పరుస్తాను? పైగా బ్రావో చానెల్‌ రోజుల్లో, కార్యక్రమం చివర పేర్లు పరుగెత్తేటప్పుడు, చీమ తలకాయంత అక్షరాల్లో ఒక వాక్యం పడేది: ఎవర్ని పంపాలన్నది తేల్చడానికి జడ్జీలు తమ మార్కులతోపాటు నిర్మాతల మాట, చానెల్ మాట కూడా వింటారని. ఒకసారి ఆపి చదివాను. అప్పటిదాకా నేను కార్చిన కన్నీళ్లు కూడా వాళ్ల బడ్జెట్లో ఉన్నాయేమో అనిపించింది.

నీ మీద నాక్కూడా ఒక ఫిర్యాదు ఉంది, అది చెప్పకపోతే ఈ ఉత్తరం దొంగ ఉత్తరం అవుతుంది.

నాన్న మెడలో ఉన్న నీకు మొదటి అంగుళం లేదు. ఆ చివరి రేకు ఎప్పుడో ఊడింది, దాంతోపాటు ఆ కాస్త ముక్కా నలిగి పోయింది. నాన్నకది లెక్కే కాదు. 31 అని కనిపిస్తే 30 అని రాసుకుంటారు. నేను ఉద్యోగంలో చేరాక మొదటి జీతంతో, జాలిపడి, కొత్త టేపు కొనిచ్చాను. పసుపురంగుది, రెండు చివరలా మెరిసే రేకులు. నాన్న మురిసిపోయి మెడలో వేసుకున్నారు. ఆ వారమే నా నిశ్చితార్థం జాకెట్టు కుట్టారు. నా కొలత తీసుకున్నారు, అలవాటు చొప్పున ఒకటి తీసేశారు.

ఫొటోలో నేను ఊపిరి బిగబట్టి నవ్వుతూ ఉంటాను. అత్తగారి తరఫువాళ్లు అది సిగ్గనుకున్నారు. తాంబూలాలయ్యాక లోపలి గదిలో అమ్మ బ్లేడుతో లోపలి కుట్లు విప్పుతుంటే, నాన్న గుమ్మం బయట నిలబడి, "రెండు కుట్లు వదిలాను అమ్మాయ్, చూడు, రెండు వదిలాను" అంటూనే ఉన్నారు.

మర్నాటి నుంచి మళ్లీ నువ్వే ఆయన మెడలో. కొత్తది సొరుగులో, రేకులతో సహా.

క్లెయిర్ సంగతి చూపించిన రోజు రాత్రి నాన్న భోజనం చేస్తూ చేస్తూ ఆగి ఒకటడిగారు. నాకు జవాబు తెలీదు, నీకైనా తెలుస్తుందేమోనని అదే అడుగుతున్నాను.

"ఆ పిల్ల గదిలో దొరికిన టేపుకి మొదటి అంగుళం ఉందో లేదో ఎవరైనా చూశారా?"

ఇట్లు,
నీ మొదటి అంగుళం లెక్క తప్పించిన
దర్జీ కూతురు