ఊడిపడే ఇంధన ట్యాంకుకు ఒక స్టోర్సు గుమాస్తా ఉత్తరం

మహారాజశ్రీ యుద్ధవిమానపు డ్రాప్ ట్యాంకు గారికి,

ఉభయకుశలోపరి. నేను 31 ఏళ్లు ఒక ప్రభుత్వ కార్యాలయంలో స్టోర్సు గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాణ్ణి. హకీంపేట శిక్షణ విమానాలు అల్వాల్‌లో మా డాబా మీదుగా వెళ్లినప్పుడల్లా మీరు గుర్తుకు వస్తారు. నిజం చెప్పాలంటే, మిమ్మల్ని తలచుకుంటే నాకు కడుపుమంట.

విమానం కింద అదనపు ఇంధనంతో వేలాడే ప్రభుత్వ సొత్తు మీరు, మిమ్మల్ని పైలట్ ఒక్క మీట నొక్కి గాలిలో వదిలేస్తాడు! కమిటీ లేదు, వేలం ప్రకటన లేదు. మా దగ్గర కాలు విరిగిన ఒక కుర్చీని రిజిస్టరులోంచి కొట్టివేయించడానికి ఆరేళ్లు నోట్ పెట్టాను. ప్రతిసారీ ఒకటే కొర్రీ: "ఏ కాలు?"

మీరు ఊరికే పడరని తెలుసులెండి. మామూలు రోజుల్లో మిమ్మల్ని భద్రంగా వెనక్కి తెస్తారు. యుద్ధంలోనో, ప్రాణం మీదికి వస్తేనో బరువు వదిలించుకుంటారు. 2019 జూన్‌లో అంబాలాలో జాగ్వార్ యుద్ధవిమానానికి పక్షి తగిలినప్పుడు పైలట్ ట్యాంకులు వదిలేసి క్షేమంగా దిగాడు. ఆ తర్వాతి వారమే తమిళనాడులోని సూలూరు దగ్గర తేజస్ ట్యాంకు ఒకటి మాత్రం మామూలు ప్రయాణంలోనే ఊడి పొలంలో పడింది. 2018లో జపాన్‌లో ఎఫ్-16 వదిలిన మీ సోదరులిద్దరు ఒగవరా సరస్సులో పడితే, పాపం, అక్కడి జాలరులు వేట ఆపుకున్నారు. లావోస్‌లోనైతే వియత్నాం యుద్ధకాలంలో పడినవాటిని చీల్చి పడవలు చేసుకున్నారు. రిటైరయ్యాక మీకు పడవ ఉద్యోగం! నాకు దొరికింది అపార్ట్‌మెంటు సంఘం కోశాధికారి పదవి.

అన్నిటికన్నా నన్ను దిగ్భ్రమపరిచింది మీ పెద్దల కాగితపు అవతారం. రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటన్‌లో క్రాఫ్ట్ అనే గట్టి ప్యాకింగు కాగితాన్ని పొరలుపొరలుగా జిగురుతో అతికించి 108 గ్యాలన్ల ట్యాంకులు చేశారు. అవి తగిలించుకుని అమెరికన్ ఫైటర్లు బాంబర్లకు తోడుగా జర్మనీ దాకా వెళ్లాయి. పెట్రోలు పోశాక కొన్ని గంటలకు మించి ఆగేవి కావు. ఆగనవసరం లేదు కూడా, ఆలోగా పని అయిపోయేది. నేల మీద పడినా శత్రువుకు ఏరుకోవడానికి పెద్దగా లోహం ఉండేది కాదు. కాగితం కొన్ని గంటల్లో పని ముగించి తప్పుకోవడమా! నా సర్వీసంతా కాగితాల మధ్యే గడిచింది, అటువంటిది ఒక్కటి నా బల్ల మీదికి రాలేదు.

మొన్న పెన్షన్ పని మీద పాత ఆఫీసుకు వెళ్లాను. కుర్చీ అక్కడే ఉంది. విరిగిన కాలి చోట ఇటుక పెట్టారు. వంగి చూస్తే, ఇటుకకు కూడా ఎర్ర పెయింటుతో స్టాకు నంబరు వేసి ఉంది.

ఇట్లు,
తమ అభిమాని